రెండు చెంచాల నీళ్లు

ముప్పైమూడేళ్లు తెలుగు పండితునిగా పనిచేసి విరమించినవాడు మోటారుసైకిలు గాలి వడపోతను గురించి వ్రాయబూనడం చూసి చదువరులు నవ్వుకొందురేమో. నవ్వుకొన్నా తప్పులేదు. సంధులు, సమాసాలు, యతిభేదాలు అంటూ కాలక్షేపం చేసేవాడికి ఈ ఇంజను గోల ఎందుకని మా ఇంటావిడ కూడా అడిగింది. కారణమున్నది. ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పుకు మూల్యం చెల్లించినది నేను కాదు, నా పూర్వవిద్యార్థి. అందుచేత వ్రాయక తప్పడం లేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగిన రోజు. ఆ సంగతి మళ్లీ వర్ణించను. డ్రోనులతో అన్నం పొట్లాలు దించడం, పడవలలో ముసలివాళ్లను తరలించడం అందరూ టీవీలలో చూసినవే. ఆ ముందురోజు నుంచి కురిసిన వాన ఆగినా నీరు తీయలేదు. మేము మేడమీద ఉన్నాము గనుక బ్రతికిపోయాము. క్రింద వాకిట్లో నా బండి, నా విద్యార్థి బండి ప్రక్కప్రక్కనే నిలిపి ఉన్నవి. అతడు మా వీధిలోనే అద్దెకుంటాడు. తెల్లవారుఝామున పాలప్యాకెట్లు వేస్తాడు, పగలు కొరియరు కవర్లు పంచుతాడు. అతని వాకిలి పల్లం కాబట్టి శనివారం రాత్రి బండి తెచ్చి మా గేటు లోపల పెట్టుకొన్నాడు. "మీ వాకిలి మెరక కదా మాస్టారూ" అన్నాడు. ఆ మెరక మునిగింది. రెండు బళ్లకూ హ్యాండిలు కొమ్ములు మాత్రం పైకి కనబడుతూ ఉండినవి.

నీరు తీసిన తరువాత వీధంతా మోకాటి లోతు బురద, దాని వాసన. ఆ ఉదయం అతడు వచ్చి బండిని తుడుచుకొని, సీటు మీద చేయి వేసి నిలబడ్డాడు. వారం పైగా సంపాదన లేదు. పాల ఏజెన్సీ వాడు మరొకరిని పెట్టుకొంటానని కబురు చేశాడట. కిక్కు కొట్టాడు. దిగలేదు. సగంలో రాయి మీద కాలు వేసినట్లు బిగిసిపోయింది. మళ్లీ కొట్టాడు. అంతే. అప్పుడు మేడ మెట్ల మీద నుంచి "తోసి చూద్దాం నాయనా, ఇన్ని రోజులు నీళ్లలో ఉంది గదా, పట్టేసి ఉంటుంది" అన్నది నేను. ఎవరూ అడగలేదు. అడగకుండానే చెప్పడం మాకు వృత్తివ్యాధి.

మరో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి వెనుకనుంచి తోశారు. అతడు రెండవ గేరు వేసి క్లచ్చు వదిలాడు. వెనుక చక్రం జర్రున ఈడ్చుకొనిపోయి, ఇంజనులోనుంచి ఒక లొడుక్కుమన్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉన్నది. నా వయసువాళ్లకు మోకాలు పట్టు తప్పినప్పుడు లోపల వినిపించే చప్పుడు లాంటిది. బండి ఇక తిరగలేదు.

బండి విప్పిన మెకానిక్కు మా వీధి చివరి వాడే. కనెక్టింగ్ రాడ్డు వంగిందన్నాడు. రాడ్డు చేతికిచ్చి చూపించాడు. నా చిటికెనవేలి వంకర ఎంత ఉంటుందో అంత వంకర. దానికోసం ఇంజను మొత్తం విప్పవలసి వచ్చింది. రాడ్డు, బేరింగు, రింగులు, గాస్కెట్లు, కూలి అన్నీ కలిపి ఏడున్నర వేలు దాటింది. ఆ తర్వాత మెకానిక్కు నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా అన్నమాట ఇది: "ఇంజన్లో నీళ్లుంటే తోయకూడదండీ మాస్టారూ. ముందు ప్లగ్గు విప్పాలి. ప్లగ్గు విప్పి కిక్కు కొడితే ఆ నీళ్లు పిచికారీలాగ బయటకొచ్చేసేవి. అర్ధగంట పని."

అర్ధగంట పని! నాలో ఉన్న ఉపాధ్యాయుడికి ఇంతకన్న పెద్ద బెత్తం దెబ్బ లేదు. అప్పటినుంచి ఆ షెడ్డులో స్టూలు వేసుకొని కూర్చొని, అరవయ్యారేళ్ల వయస్సులో పాఠం మొదలుపెట్టాను. నేర్చుకొన్నది నాకు తెలిసిన భాషలో చెబుతాను.

బండి పెట్రోలుతో నడుస్తుందని మనమందరం అనుకొంటాము. అది సగం నిజం కూడా కాదు. తూకం ప్రకారం ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు పదిహేను పాళ్లు గాలి కావాలి. గాలి తేలిక గనుక దానిని లీటర్లలోకి మారిస్తే, ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి కిలోమీటరుకు 150 లీటర్ల గాలి పీలుస్తున్నదన్నమాట. అది త్రాగేది చుక్కలు, పీల్చేది సుడిగాలి. అంత గాలిలో మన ఊరి దుమ్ము ఎంత ఉంటుందో ఊహించండి. ఆ దుమ్మును ఆపడానికి సీటుక్రిందనో, ప్రక్క డోము వెనుకనో ఒక ప్లాస్టిక్కు పెట్టె, అందులో మడతలు మడతలుగా పేర్చిన ఒక కాగితపు దిమ్మ. అదే ఎయిర్ ఫిల్టరు.

దీనికి తెలుగు మాట ఏమిటని కొందరు మిత్రులు అడిగారు. వాయుశోధకమనీ, పవనపరిశ్రావకమనీ సూచించారు కూడా. వారి భాషాభిమానానికి నమస్కారం. కాని ఆ మాటలు చెబితే మా మెకానిక్కు ఆయుర్వేద దుకాణానికి దారి చూపిస్తాడు. కషాయం వడపోసుకొనే ఇళ్లలో పుట్టినవాళ్లం, గాలి వడపోత అంటే చాలును. ఇంకా మాట్లాడితే ఫిల్టరు అన్నా తప్పులేదు. కాఫీ పుణ్యమా అని అది మా అమ్మ కాలానికే తెలుగైపోయింది.

యంత్రం ఊపిరి తీసే తీరు ప్రాణాయామం తెలిసినవారికి తేలికగా బోధపడుతుంది. పిస్టను క్రిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోనికి లాగుకొంటుంది, అది పూరకం. పైకి లేస్తూ, తలుపులు రెండూ మూసి, ఆ గాలిని తొమ్మిదవ వంతుకు అదిమి పట్టుకొంటుంది, అది కుంభకం. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది, మంట పిస్టనును క్రిందికి తోస్తుంది. దీనికి యోగశాస్త్రంలో పేరు లేదు, జఠరాగ్ని అనుకొందాం. మళ్లీ పైకి లేచి పొగను బయటకు నెడుతుంది, అది రేచకం. మామూలు వేగంలో పోతున్న బండి ఈ నాలుగింటినీ నిమిషానికి రెండువేల మార్లు చేస్తుంది. ఏ యోగీ ఇంత సాధన చేసి ఉండడు.

చిక్కంతా ఆ కుంభకంలో ఉన్నది. మన బజారుల్లో ఎక్కువగా తిరిగే నూరు సీసీ బండిలో అసలు కొలత సుమారు 97 ఘనసెంటీమీటర్లు. అంత గాలినీ అదిమి, పిస్టను శిఖరానికి చేరినప్పుడు పైన మిగిలే ఖాళీ పన్నెండు మిల్లీలీటర్లకు అటూ ఇటూ. పిల్లలకు మందు పోసే చెంచాతో రెండు చెంచాలు, మరికొంచెం. గాలి అణగుతుంది. ఎంత నొక్కితే అంత నక్కుతుంది. నీరు అణగదు. ఆ రెండు చెంచాలకు మించి నీరు అక్కడ ఉంటే పిస్టనుకు పైకి పోవడానికి చోటులేదు. క్రింద ఎంత బలం పెట్టినా లేదు. అప్పుడు పైనున్న నీరు వంగదు, క్రిందినుంచి తోసే శక్తి ఆగదు, మధ్యన ఉన్న రాడ్డు వంగుతుంది. కిక్కు కాలిక్రింద బిగిసిపోవడమంటే యంత్రం "నావల్ల కాదు" అని తన భాషలో చెప్పడమే. చెబుతున్నది వినక ముగ్గురిచేత తోయించాను.

ఆ నీరు లోనికి ఎలా వస్తుంది? చాలామంది సైలెన్సరు గొట్టాన్ని చూసి భయపడతారు. నీటిలో బండి పోతున్నప్పుడు పొగ బయటకు తన్నుతూ ఉంటుంది గనుక, ఇంజను ఆగనంతవరకు అటునుంచి నీరు రావడం కష్టం. ఆగితే వస్తుంది, అది వేరే సంగతి. అసలు ప్రమాదం ముందువైపు తలుపులో ఉన్నది. ఇంజను లోపలికి పీల్చేది అక్కడినుంచే కదా! వడపోత పెట్టె నోటివరకు నీరు వచ్చిన క్షణాన యంత్రం గాలికి బదులు నీటిని గుక్క పడుతుంది. అందుకే దాని నోరు ఎత్తున సీటుక్రింద పెట్టారు. మనం ఏమి చేస్తాము? వంతెన క్రింద నిలిచిన నీటిలోకి వేగంగా పోనిస్తాము. ఎదురుగా వచ్చే లారీ లేపిన అల తొడల దాకా వస్తుంది. నీటిమట్టం మోకాలి క్రిందే ఉన్నా అల సీటు క్రిందికి పోతుంది. అలాంటి చోట ఎదురు బండి పోయేదాకా ఆగి, మొదటి గేరులో నిదానంగా పోవడం, లేదా వెనుదిరగడం. వెనుదిరగడమే నా ఓటు.

ఇక కాగితం సంగతి. నూలుబట్ట తడిస్తే ఆరుతుంది, కాగితం తడిస్తే తిరిగి కాగితం కాదు. పాతికేళ్లు పరీక్షపత్రాలు దిద్దినవాడిని, వానలో తడిసిన కట్ట ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. వడపోత కాగితంలో గాలి దూరే సందులన్నీ నీటితో నిండుతాయి. ఇంజనుకు ఊపిరి ఆడదు. కార్బొరేటరు ఉన్న బండి అయితే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేదు, మైలేజీ పడిపోతుంది. ఆ తర్వాత కాగితం ఉబ్బి, మడతలు ఒకదానికొకటి అంటుకొని, అంచున జిగురు ఊడుతుంది. కంటికి కనబడని చీలిక చాలు. వరద నీరు ఒక్క నీరు కాదు, బురద. ఆరిన తరువాత మిగిలిన సన్నని ఇసుక ఆ చీలికగుండా ఇంజనులోకి పోయి బోరునూ రింగులనూ గరుకుకాగితంలా అరగదీస్తుంది. ఆ జబ్బు వెంటనే బయటపడదు. మూడు నాలుగు నెలలకు సైలెన్సరునుంచి తెల్లగా, కాస్త నీలంగా పొగ వస్తుంది, ఇంజనాయిలు తరుగుతూ ఉంటుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు. "బండి పాతదైపోయింది" అనుకొంటారు.

ఎండలో ఆరబెట్టి మళ్లీ పెట్టవచ్చు గదా అని నేనూ అడిగాను. ఇప్పటి బళ్లలో తరచుగా ఉండే కాగితానికి కర్మాగారంలోనే ఒక రకం నూనె పట్టించి ఉంటుంది. దుమ్ము దానికి అంటుకొంటుంది. అటువంటిదాన్ని కడగరాదు, గాలిపైపుతో ఊదరాదు. మురికిపడితే తీసి కొత్తది వేయవలసిందే. వాన దుమ్ము లేకున్నా పన్నెండు పదహారువేల కిలోమీటర్లకు ఎలాగూ మార్చవలసినదే, కొన్నివందల రూపాయల వస్తువు. దీనిని పెట్రోలులో ముంచి, దులిపి, తిరిగి పెట్టి డబ్బు పుచ్చుకొనే మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పాత బళ్లలో స్పంజి వంటి వడపోత ఉండేది. దానిని సబ్బునీళ్లలో కడిగి, మెలిపెట్టకుండా పిండి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె పట్టించి, అదనపు నూనె పిండివేసి పెట్టుకోవచ్చు. ఆ అలవాటే కాగితానికి కూడా వర్తింపజేయడం వలన వచ్చిన అనర్థం ఇది. వ్యాకరణంలో దీనిని అతివ్యాప్తి దోషమంటాము. సూత్రం ఒకచోట సరియైనదే, వర్తించని చోటికి ఈడ్చాము.

వరద ఏళ్లకొక్కసారి వస్తుంది. వాటర్ సర్వీసింగు నెలనెలా చేయిస్తున్నాము. వంద రూపాయలిస్తే కుర్రవాడు తుపాకీలాంటి గొట్టంతో, గోడ సున్నం రాలగొట్టేటంత ఒత్తిడితో, బండిమీద నీరు కొడతాడు. సీటు క్రింద, ప్రక్క డోముల సందులో, ప్లగ్గు మూతమీద, ఎక్కడ మురికి ఉంటే అక్కడ. మురికి పోవడం మనకు కావాలి, అతనికీ అదే కావాలి. సీటుక్రింద పెట్టెలోకి నీరు దూరే సంగతి ఇద్దరికీ అక్కరలేదు. సైలెన్సరు మూతికి ఒక గుడ్డముక్క కుక్కమని, వడపోత వైపు గొట్టం గురిపెట్టవద్దని చెబితే నన్ను పైనుంచి క్రిందకు చూశాడు. చెప్పినట్లు చేశాడనుకోండి, తెల్లజుట్టుకు ఇంకా ఆ మాత్రం మర్యాద మిగిలి ఉన్నది.

ఆ పెట్టె అడుగున చిటికెనవేలంత గొట్టం ఒకటి, దాని చివర మూత, చాలా బళ్లలో ఉంటుంది. లోపల చేరిన నీరూ నూనెచెమ్మా అందులోకి దిగుతాయి. మూత తీస్తే కారిపోతాయి. వానాకాలంలో, నీళ్లతో కడిగిన తరువాత, తరచుగా తీసి చూడమని బండితోపాటు ఇచ్చే పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఎక్కడ వ్రాసి ఉన్నది? నా బండి పుస్తకంలోనే. ఆ పుస్తకం నా బీరువాలో, ప్లాస్టిక్కు కవరులో, మడత నలగకుండా ఎన్నో ఏళ్లుగా ఉన్నది. తరగతిలో "పాఠం చదువుకొని రండిరా" అని ముప్పైమూడేళ్లు అరచినవాడిని, నా వాహనం పాఠం ఒక్కసారి తెరువలేదు. తెరిస్తే ఇంగ్లీషు. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చును. పాలప్యాకెట్లు వేసే నా విద్యార్థికి రాదు. పదవ తరగతి నా దగ్గరే చదివాడు, తెలుగులో ఎనభై దాటి మార్కులు తెచ్చుకొన్నాడు. ఆ తెలుగు అతని బండి దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

నా అభిప్రాయం ఇక్కడ కచ్చితంగా చెప్పాలి. తెలుగునాట అమ్మే ప్రతి ద్విచక్రవాహనంతోనూ తెలుగు పుస్తకం చేతికి ఇవ్వాలి. ఇప్పటికే ఇచ్చేవారుంటే వారికి దండం. ఇవ్వనివారిచేత ఇప్పించాలి. తెలుగంటే ఇంగ్లీషు వాక్యాన్ని పదానికి పదం మార్చి, మధ్యలో "నిర్వహణ", "ఉపకరణము", "అధీకృత" అని కూర్చిన తెలుగు కాదు. షెడ్డులో మాట్లాడే తెలుగు. ప్లగ్గు, కిక్కు, ఫిల్టరు, బోరు అలాగే ఉండనివ్వండి. క్రియ తెలుగులో ఉంటే చాలు. విప్పు, ఆరబెట్టు, పిండు, వంచు, మార్చు. మన భాష బలం నామవాచకాలలో కంటె క్రియలలోనే ఉన్నదని నేను ఎప్పుడూ చెబుతూ ఉంటాను.

"చదివేవాడు ఎవడండీ, చెత్తబుట్టలో వేస్తారు" అని ఒక మిత్రుడు ఎదురుచెప్పాడు. నిజమే. నేను కూడా చదవలేదని ఒప్పుకొన్నాను కదా. అయినా చదవగలిగి చదవకపోవడానికీ, చదువుదామన్నా వీలులేకపోవడానికీ భేదం లేదా? మొదటిదానికి నన్ను తిట్టవచ్చు. రెండవదానికి ఎవరిని తిట్టాలి?

బీమా కాగితాలది మరీ అన్యాయం. చట్టం తప్పనిసరి చేసినది ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. నా విద్యార్థికి ఉన్నది అదే. దానిలో వరదకు పైసా రాదు. సొంత నష్టానికి కూడా కట్టినవారికి వరద నష్టం వర్తిస్తుంది, సంతోషం. అయితే అందులో ఒక మెలిక. నీట మునగడం వలన కలిగిన నష్టం వేరు, మునిగిన బండిని స్టార్టు చేయబోవడం వలన ఇంజనుకు కలిగిన నష్టం వేరు అని కంపెనీలు వాదిస్తాయి. రెండవది పర్యవసాన నష్టమట, అదనంగా ఇంజను రక్షణకు కట్టి ఉంటే తప్ప సాధారణంగా ఇవ్వరు. అంటే ఆ ఒక్క కిక్కు, ఆ ఒక్క తోపు, రాడ్డునే కాదు, హక్కును కూడా వంచగలదు. ఇంతటి మాట చిన్న అక్షరాలలో, పరాయిభాషలో, ఎన్నో పుటల వెనుక ఉంటే ఎవరికి తెలుస్తుంది?

ప్రభుత్వాన్ని ఊరికే ఆడిపోసుకోవడం నాకు ఇష్టంలేదు. ఆ వరదలో అగ్నిమాపక శకటాలు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగిపెట్టాయి. మునిగిన ద్విచక్రవాహనాలకు 3,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. ఆ మూడువేలు చిన్నవి కావు. సకాలంలో ప్లగ్గు విప్పి, నీరు తీసి, ఆయిలు రెండుసార్లు మార్చి, కొత్త వడపోత వేసుకొంటే ఇంచుమించు సరిపోతాయి. రాడ్డు వంగిన తరువాత సగానికి కూడా రావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఊరకే అనలేదు. నీరు తీస్తున్న రోజుల్లో మైకు కట్టిన ఆటోలు వీధివీధీ తిరిగి, నీళ్లు కాచి త్రాగండి, తడిసిన స్విచ్చి బోర్డులు ముట్టకండి అని చెప్పాయి. మంచిమాటలు. వాటితోపాటు మరి మూడు వాక్యాలు చేర్చి ఉంటే ఆ పేటలలో ఎన్ని ఇంజనులు మిగిలేవో! మోటారుసైకిలు అక్కడ విలాసం కాదు. అదే దుకాణం, అదే పొలం. అదే రోజున ఖమ్మంలో మున్నేరు ఒడ్డున మునిగిన బళ్లకూ, 2020 అక్టోబరులో హైదరాబాదు వానలకు కొట్టుకుపోయిన బళ్లకూ ఇదే కథ అయి ఉంటుంది.

ఆ మూడు వాక్యాలు నేనే వ్రాసి పెట్టాను. ముప్పైమూడేళ్లు వాక్యాలు దిద్దినవాడిని, ఈపాటి పని నాకు చేతనవును. "నీట మునిగిన బండికి తాళం త్రిప్పకండి, కిక్కు కొట్టకండి, తోయకండి. ప్లగ్గు విప్పి లోపలి నీరు పోగొట్టి, ఫిల్టరు, ఇంజనాయిలు మార్చిన తరువాతే స్టార్టు చేయండి. బ్యాటరీ తీగ ముందే విప్పి ఉంచండి." ఎవరు వాడుకొన్నా అభ్యంతరం లేదు, నా పేరు అక్కరలేదు. సెల్ఫు బొత్తాం ఉన్న బండి అయితే మరింత జాగ్రత్త. కిక్కు బిగిస్తే కాలికి తెలుస్తుంది, బొత్తాం నొక్కే బొటనవ్రేలికి ఏమీ తెలియదు.

షెడ్డులో చూసినవి ఇంకొక రెండు చెప్పి ముగిస్తాను. ఇంజనులో నీరు కలిసిందా లేదా అన్నది ఆయిలు రంగే చెబుతుంది. పాలు విరివిగా పోసిన టీ రంగు వస్తే నీరు చేరినట్టే. ఆ ఆయిలుతో నడిపితే బేరింగులకు జిగురు అందదు. పెట్రోలు ట్యాంకులోకి పోయిన నీరు అడుగుకు చేరుతుంది, నీరు బరువు గనుక. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. అది నీటిని కొంతవరకు తనలో కలుపుకొని, మోతాదు మించగానే నీటితో సహా విడిపోయి అడుగున కూర్చొంటుంది. పైన పెట్రోలు నిండుగా కనబడుతూ ఉంటుంది, ఇంజనుకు వెళ్లేది అడుగుది. కార్బొరేటరు బళ్లకు అడుగున ఒక మర విప్పి దీనిని వదిలేయడం తేలిక. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు, పెట్రోలును పిచికారీ చేసే పద్ధతి, సెన్సారులు, తీగలు. వాటిని ఇంట్లో గెలికే సాహసం చేయవద్దు.

నా బండి ఏమయిందని అడుగుతారేమో. దాని కిక్కు ఎవరూ కొట్టలేదు. నా విద్యార్థి బండి చప్పుడు విన్న తరువాత కొట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? మెకానిక్కు వచ్చి ప్లగ్గు విప్పి, కిక్కు చేత్తో మెల్లగా అదిమాడు. ఎర్రటి బురదనీరు చిమ్మి అతని చొక్కా తడిసింది. వడపోత పెట్టె తెరిస్తే కాగితం ముద్దగా, మా ఇంటావిడ నానబెట్టిన అటుకుల్లాగ ఉన్నది. రెండువేల పైచిల్లరతో బండి నడక దారికి వచ్చింది. అతని బండికి తోచిన సలహా ఇచ్చినవాడి బండి బాగుపడింది, సలహా విన్నవాడి బండి చెడింది. ఈ లెక్క నాకు ఏ రాత్రీ సరిపోలేదు.

మరమ్మతు ఖర్చు నేనిస్తానన్నాను. పుచ్చుకోలేదు. "మీరు కావాలని చెప్పారా మాస్టారూ" అన్నాడు. వడ్డీకి తెచ్చి కట్టాడు. పాల లైను పోయింది. కొరియరు పని మాత్రం మిగిలింది. చివరికి మా మధ్య కుదిరిన ఒప్పందం ఒకటే. అతని బండికి వడపోత ఎప్పుడు మార్చినా కొని ఇచ్చేది నేను. దానికి మాత్రం కాదనలేదు.

2025 ఆగస్టులో ఒక సాయంత్రం పెద్ద వాన వెలిసిన తరువాత మా గేటు ముందు బండి ఆపి, పైకి చూసి పిలిచాడు. నేను దిగి వెళ్లేసరికి బండి ప్రక్కన గొంతుక్కూర్చొని వడపోత పెట్టె క్రింది గొట్టం మూత తీసి పట్టుకొన్నాడు. నాలుగైదు చుక్కలు కారాయి, నల్లగా. "చూశారా, లోపలికి పోలేదు" అన్నాడు. మూత బిగించి, చేయి ప్యాంటుకు తుడుచుకొని, కొరియరు సంచీ భుజాన వేసుకొన్నాడు. కాలు కాస్త పైకెత్తి, బరువంతా వేయకుండా కిక్కు మెత్తగా ఒకసారి అదిమి చూసుకొని, అప్పుడు కొట్టాడు.